‘సంకర సంస్కృతి’ అనవచ్చా?

డిగ్రీ విద్యార్థిని, అమలాపురం:
అందరికీ నమస్కారం. మన డెల్టాలో ఐరోపావాళ్ళతో వియ్యమందిన కుటుంబాల గురించి 1,500 పదాల వ్యాసం రాయాలి. ముందు ప్రణాళిక చూపించమన్నారు. ‘గోదావరి డెల్టాలో సంకర సంస్కృతులు’ అని పేరు పెట్టాను. మా లెక్చరరు గారు ‘సంకర’ కింద ఎర్రగీత గీసి, ఏమీ చెప్పకుండా ఇచ్చేశారు. ఆ మాటలో తప్పేమిటి? వ్యాసాన్ని నాలుగు భాగాలు చేసుకున్నాను: పాలకొల్లులో డచ్చివారు, మాధవాయపాలెంలో ఇంగ్లీషువారు, యానాంలో ఫ్రెంచివారు, ముగింపు.

విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, రామచంద్రపురం:
అమ్మా, వ్యాకరణం ప్రకారం తప్పు లేదు. కానీ భగవద్గీత మొదటి అధ్యాయంలో అర్జునుడు ‘సంకరో నరకాయైవ’, అంటే సంకరం నరకానికే దారి, అంటాడు. మనుషులకు వాడితే ఆ నింద ఇప్పటికీ వినిపిస్తుంది. అది తెలియనివాళ్ళకు ‘సంకరజాతి’ అనగానే పాడి ఆవో, మొక్కజొన్న విత్తనాల సంచో గుర్తొస్తుంది. ఏ ఇంటివాళ్ళనైనా ఆ మాటతో పిలిచి, ఆపైన వాళ్ళ గడప తొక్కగలమా?

అలంకారశాస్త్రంలో మాత్రం దానికి పరువు ఉంది. ఒక పద్యంలో రెండు అలంకారాలు నువ్వులూ బియ్యంలా, దేనికది ఏరుకోగలిగేటట్టు కలిస్తే సంసృష్టి. పాలూ నీళ్ళలా విడదీయరాకుండా కలిస్తే సంకరం. శీర్షికలో ఆ మాట వద్దు, ఆ భేదం మాత్రం ప్రణాళికలోకి తీసుకోండి. అల్మరా, మేస్త్రి, పీపా, ఇస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చినవని ఎవరైనా చెబితే తప్ప మనకు తట్టదు. అది సంకరం. యానాం సంగతి వేరు. ఫ్రెంచి ప్రభుత్వం 1881లో ఇచ్చిన డిక్రీ ప్రకారం, తమ సంప్రదాయ న్యాయాన్ని వదులుకున్న స్థానికులు ఫ్రెంచి పౌరచట్టం కిందకు వచ్చి, కొత్త ఇంటిపేరు పెట్టుకోవచ్చు. ఐరోపా నెత్తురు చుక్కైనా ఉండనక్కరలేదు. ఇంట్లో తెలుగు, కాగితం మీద ఫ్రెంచి. రెండూ విడివిడిగా కనబడుతూనే ఉంటాయి, కాబట్టి సంసృష్టి. వారసత్వం రక్తం వల్లనే కలుస్తుందా, కాగితం వల్ల కూడా కలుస్తుందా అన్నది మీ వ్యాసానికి తగిన ప్రశ్న.

ఇక మీ నాలుగు భాగాలు. అవి ప్రణాళిక కావు, ఓడలు దిగిన వరుస. డచ్చివారు 1613లో పాలకొల్లు చేరారనీ, మాధవాయపాలెం పేరు ‘మడపోలం’ అనే నూలుబట్టకు అంటుకుని ఐరోపా అంగళ్ళకు వెళ్ళిందనీ రాస్తే వర్తకుల చరిత్ర తయారవుతుంది. కుటుంబాలు ఎక్కడ?

విద్యార్థిని:
ధన్యవాదాలు మాస్టారూ. అయితే ‘ఆంగ్లో ఇండియన్’ అని రాయవచ్చా? అది చట్టంలోనే ఉంది కదా.

న్యాయవాది, కాకినాడ:
ఉంది, కానీ మీరు అనుకున్న అర్థంలో కాదు. రాజ్యాంగం 366వ అధికరణం రెండో ఖండం చదవండి. తండ్రి వైపు పురుష పూర్వీకుల్లో ఐరోపా సంతతి ఉండాలి. ఇంగ్లీషువాడే కానక్కరలేదు, డచ్చివాడైనా ఫ్రెంచివాడైనా సరే. తల్లి ఐరోపా స్త్రీ, తండ్రి తెలుగువాడు అయితే మాత్రం పిల్లలు ఆ నిర్వచనంలోకి రారు. 104వ సవరణ వల్ల 2020 జనవరి నుంచి ఆంగ్లో ఇండియన్లకు చట్టసభల్లో నామినేటెడ్ సీట్లు లేవు. నిర్వచనం మాత్రం అలాగే ఉంది.

గృహిణి, నరసాపురం:
వలందులు, పరాసులు, బుడతకీచులు అని చక్కటి తెలుగు పేర్లు ఉండగా ఈ డచ్చి, ఫ్రెంచి, పోర్చుగీసు ఎందుకు? మా ఊళ్ళో వలంధర రేవు ఇప్పటికీ ఉంది. పుష్కరాలకు మునిగేవాళ్ళలో ఎందరికి అది హాలండువాళ్ళ పేరని తెలుసు?

విశ్రాంత ఉపాధ్యాయుడు:
బాగా గుర్తుచేశారమ్మా. ఆ పేర్లు వ్యాసంలో ఉండాలి. కానీ గమనించండి, మన పాత మాటలూ రాజ్యాంగమూ ఒకే పని చేశాయి: వచ్చిన మగవాడికే పేరు పెట్టాయి. ఆ ఇంట్లో వంట చేసిన, పిల్లలకు మాటలు నేర్పిన తెలుగు తల్లికి ఏ పేరూ లేదు. ఈ సంస్కృతులు మన కంటికి ఆనకపోవడానికి అదీ ఒక కారణమని నా అభిప్రాయం. మీ వాదన అక్కడ మొదలుపెడితే ఎలా ఉంటుంది?

ఆ వాదనను ఒక్క వాక్యంగా కాగితం తలకట్టున రాయండి. కింద ప్రతి పేరాకూ ‘యానాం’ అన్నట్టు విషయం పేరు కాకుండా ఒక పూర్తి వాక్యం రాసుకోండి: ‘యానాంలో రక్తం కన్నా చట్టమే ఎక్కువ కలిపింది’ అన్నట్టు. పై వాక్యాన్ని బలపరచని పేరాను తీసేయండి, దాని కోసం ఎంత చదివి ఉన్నా సరే. ‘తల్లుల గురించి ఆధారాలే తక్కువ, మీది ఊహ కాదా’ అనే ఆక్షేపణ తప్పక వస్తుంది. దానికీ ఒక పేరా ఉంచండి. చర్చిల బాప్తిస్మ, వివాహ రిజిస్టర్లు అక్కడ అక్కరకు రావచ్చు. శీర్షిక చివరికి వదిలేయండి. ప్రస్తుతానికి ‘మిశ్రమ వారసత్వం’ చాలు. చప్పగా ఉంటుంది, ఎవరినీ నొప్పించదు.

విద్యార్థిని:
ఆదివారం యానాం వెళ్తున్నాను. పెద్దవాళ్ళను ఏమని అడగాలి?

న్యాయవాది, కాకినాడ:
మీ వంశం ఏమిటని మాత్రం అడగకండి. 1954లో ఫ్రెంచి పాలన పోయినప్పుడు ఇంట్లో ఏమనుకున్నారో అడగండి. 1962లో చట్టబద్ధంగా విలీనమయ్యాక ఫ్రెంచి పౌరసత్వం ఎంచుకునే అవకాశం ఇచ్చారు. ఎవరు ఎంచుకున్నారు, ఎవరు వద్దన్నారు, ఎందుకు? ఇంటి ఆడవాళ్ళను కూడా విడిగా అడగండి.