‘మీటరు వైరు తెగింది’: ఈ మాటలోని క్రియ గురించి

పాత స్కూటర్లలో ముందు చక్రం నుంచి స్పీడోమీటరు దాకా వెళ్లే కేబులును తెలుగులో ఏమనాలి అన్న ప్రశ్నకు ‘వేగమాపక తంత్రి’ అనే సూచన వచ్చింది. పేరుకు మనకు కొరత లేదని నా అభిప్రాయం. స్పేర్ పార్టుల దుకాణంలో ‘మీటరు కేబులు’ అంటారు, బండి నడిపేవారిలో చాలామంది ‘మీటరు వైరు’ అంటారు. రెండూ అందరికీ తెలిసినవే. మనం శ్రద్ధ పెట్టవలసింది ఆ పేరు పక్కన చేరే క్రియల మీద, ఎందుకంటే బండిలో ఏం చెడిందో చెప్పేవి అవే.

బ్రేకు వైరు, క్లచ్ వైరు లాగుతాయి. మీటరు వైరు తిరుగుతుంది. బయటి గొట్టం కదలకుండా ఉండగా లోపలి ఉక్కుతీగ చక్రంతోపాటు తిరిగి, తన చదరపు మొనతో మీటరులోని చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దానికి ఆనకుండా అమరిన అల్యూమినియం చిప్పలో ఆ తిరుగుడు వల్ల విద్యుత్తు పుట్టి చిప్పను వెంట లాగుతుంది. వెంట్రుకంత సన్నని స్ప్రింగు దాన్ని వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ రెండు బలాలూ సరితూగినచోట చిప్పకు అమర్చిన ముల్లు నిలుస్తుంది. 1902లో జర్మనీలో ఒట్టో షుల్ట్సె పేటెంటు పొందిన ఏర్పాటు ఇదే. తిరిగిన కిలోమీటర్ల అంకెలకు మాత్రం అయస్కాంతంతో పని లేదు, వాటిని పళ్ల చక్రాలు నేరుగా తిప్పుతాయి.

కాబట్టి ‘మీటరు పనిచేయడం లేదు’ అంటే మెకానిక్కుకు చెప్పినది దాదాపు ఏమీ లేదు. ‘ముల్లు లేవడం లేదు, అంకెలు తిరుగుతున్నాయి’ అంటే తీగ బాగానే ఉంది, లోపం మీటరులో ఉంది. ‘ముల్లూ లేవడం లేదు, అంకెలూ తిరగడం లేదు’ అంటే తీగ తెగి ఉండాలి, లేదా చక్రం దగ్గరి పళ్లు అరిగి ఉండాలి. ‘ముల్లు కొట్టుకుంటోంది’ అంటే చాలాసార్లు గ్రీజు ఎండిన తీగ గొట్టంలో పట్టుకుంటూ, వదులుతూ తిరుగుతోందని అర్థం. తక్కెడకూ గడియారానికీ మనవాళ్లు వాడిన ‘ముల్లు’ ఈ మీటరులో కూడా ఎంత సహజంగా ఇమిడిందో చూడండి. ‘సూచిక’ అంటే ‘కొట్టుకుంటోంది’ అన్న మాట దాని పక్కన నిలవదు.

లోపలి తీగను వర్ణించడానికి తాళ్లు పేనేవారి మాటలు అచ్చంగా సరిపోతాయి. అది ఒకే కడ్డీ కాదు, సన్నని ఉక్కుతీగలను పొరలు పొరలుగా, సాధారణంగా ఒక పొరకు ఎదురు దిశలో మరో పొరగా చుట్టినది. అందుకే అది వంగుతూనే తిప్పుడును చేరవేయగలదు. గొట్టం ఎక్కడైనా మరీ ఇరుకుగా వంగితే అక్కడ తీగ రాపిడికి లోనై ముందు పురి విడుతుంది, తరువాత పేటలు ఒక్కొక్కటిగా తెగుతాయి. (నెమలి విప్పే పురి సంగతి వేరు.) పాత తీగను బయటికి లాగి వెలుతురులో మెల్లగా దొర్లిస్తే, పురి విడిన చోట మెరిసే పోగులు వేలికి గుచ్చుకుంటాయి. ‘తెగింది’ అనడానికి ముందు ‘పురి విడింది’ అనే దశ ఒకటి ఉందని ఈ మాట మనకు తెలియజేస్తుంది, అది తెలిసినవారు తీగను దారిలో తెగకముందే మార్చుకుంటారు.

మార్చేటప్పుడు వాడే క్రియలు కూడా అంతే నిర్దిష్టమైనవి. చేతక్ వంటి స్కూటర్లలో కేబులు హ్యాండిలు గొట్టం లోపలినుంచి వెళుతుంది కనుక, పాతదాన్ని తీసేటప్పుడే దాని కొసకు ఒక గట్టి దారం కట్టి లాగితే, కొత్తది ఆ దారం వెంట అదే దారిలో వస్తుంది. లోపలి తీగకు గ్రీజు పలుచగా పూయాలి, మీటరు వైపు బెత్తెడు మేర పొడిగా వదలాలి. లేకపోతే తిరిగే తీగ గ్రీజును పైకి ఎక్కించి చిప్పనూ స్ప్రింగునూ పాడుచేస్తుంది. చివరగా ముందు చక్రాన్ని నేల నుంచి లేపి చేత్తో మెల్లగా తిప్పితే చదరపు మొన తన గాడిలోకి ‘దిగుతుంది’. దిగకముందే నట్టు బిగిస్తే ‘నలుగుతుంది’. తీగ పదే పదే తెగుతుంటే మీటరు ‘పట్టేసింది’ కాబోలు. ఆ అనుమానం ఉన్నప్పుడు తెగిన తీగ పైముక్కను మీటరులో పెట్టి వేళ్లతో తిప్పి చూడాలి. సాఫీగా తిరగకపోతే కొత్త తీగకు కూడా అదే గతి పడుతుంది.

గొట్టం మరీ ఇరుకుగా వంగి అక్కడే నొక్కుకుపోవడాన్ని కొందరు ‘మడత పడింది’ అనీ కొందరు ‘మెలి పడింది’ అనీ అంటారు. మడత వేరు, మెలి వేరు కనుక ఇక్కడ ‘మడత’ సరైనదని నేను భావిస్తున్నాను. మీ ప్రాంతపు మెకానిక్కులు దీనికి ఏ మాట వాడతారో దయచేసి ఇక్కడ తెలపండి.