యూజర్స్ ఫోల్డరులో ఖాతా పేరు మార్చడంపై మీ అనుభవాలు తెలుపగలరు

తిరుచానూరు రోడ్డు:
మా ఇంట్లో ఉన్న ఒకే కంప్యూటరును నేను, మా ఇంటావిడ, ఇంజనీరింగ్ చదువుతున్న మా అమ్మాయి వాడుకుంటున్నాము. కొన్న దుకాణం వారు విండోస్ 11 ఎక్కించేటప్పుడు మా అబ్బాయి ఈమెయిలుతో ఖాతా తెరిచారు. అందువల్ల సీ డ్రైవులోని యూజర్స్ ఫోల్డరులో ఆ ఈమెయిలు మొదటి ఐదు అక్షరాలతో ఒక ఫోల్డరు ఏర్పడింది. ఇప్పుడు అబ్బాయి ఉద్యోగరీత్యా బెంగళూరులో ఉంటున్నాడు. ఆ ఖాతాను లోకల్ ఖాతాగా (ఈమెయిలుతో సంబంధం లేకుండా ఈ కంప్యూటరుకే పరిమితమైన ఖాతాగా) మార్చి నా పేరు పెట్టాను; తెర మీద నా పేరే కనిపిస్తున్నది, ఫోల్డరు మాత్రం పాత పేరుతోనే ఉన్నది. ఇది కాక, దుకాణం వారు తమ పేరుతో మరొక అడ్మినిస్ట్రేటర్ ఖాతాను కూడా వదిలివెళ్లారు. ఫోల్డరు పేరు మార్చడం, అమ్మాయికి విడిగా ఖాతా ఇవ్వడం, దుకాణం ఖాతాను తొలగించడం అనే ఈ మూడు పనులను ఏ వరుసలో చేయాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

కొర్లగుంట:
ఇంటి ముందు పేరు పలక మార్చినంత మాత్రాన పట్టాలో పేరు మారదు కదా, ఇదీ అంతే. విండోస్ ఖాతాను పేరుతో గుర్తుపెట్టుకోదు. ఎస్-1-5-21 అని మొదలయ్యే ఒక సంఖ్యల వరుసతో గుర్తుపెట్టుకుంటుంది. ఆ సంఖ్యకు ఏ ఫోల్డరు చెందినదో, విండోస్ తన సెట్టింగులను దాచుకునే రిజిస్ట్రీలోని ప్రొఫైల్ లిస్ట్ అనే చోట, ప్రొఫైల్ ఇమేజ్ పాత్ అనే విలువగా, మొదటిసారి లాగిన్ అయినప్పుడే రాసిపెట్టుకుంటుంది. కాబట్టి మార్చవలసినది అక్కడే. ముందుగా మరొక అడ్మినిస్ట్రేటర్ ఖాతా సిద్ధం చేసుకొని, కంప్యూటరును రీస్టార్ట్ చేసి, పాత ఖాతాలోకి అడుగు పెట్టకుండా నేరుగా ఆ రెండవ ఖాతాలోకి వెళ్లాలి. అక్కడి నుంచి ఫోల్డరు పేరు మార్చి, రిజిస్ట్రీలో అదే పేరును అక్షరం పొల్లుపోకుండా రాసి, మళ్లీ రీస్టార్ట్ చేయాలి. నా కంప్యూటరులో ఇలాగే మార్చాను. బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డులతో సహా అన్నీ యథాతథంగా ఉన్నాయి.

గ్రీమ్స్‌పేట సర్వీసు:
చిత్తూరులో నేను ఎక్స్‌పీ కాలం నుంచి ఇదే పనిలో ఉన్నాను. అప్పట్లో ఈ ఫోల్డర్లన్నీ డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ అనే పేరు కింద ఉండేవి. 2007లో విస్టా వచ్చిన తరువాతే యూజర్స్ అయింది. ఆనాటి నుంచి ఈనాటి వరకు నా దగ్గరకు వచ్చిన తాత్కాలిక ప్రొఫైల్ కేసులలో అధిక భాగం, పైన కొర్లగుంట గారు సెలవిచ్చిన పద్ధతిని ఇంట్లో ప్రయత్నించిన వారివే. రిజిస్ట్రీలో ఒక్క అక్షరం తేడా వచ్చినా విండోస్ ఆ ఫోల్డరును గుర్తించదు. ఖాళీ డెస్క్‌టాప్ ఒకటి చూపించి, మీ ఖాతాలోకి ప్రవేశించలేకపోతున్నామని చెబుతుంది. ఆ ఖాళీ డెస్క్‌టాప్ మీద దాచుకున్నదంతా లాగ్ అవుట్ కాగానే పోతుంది. అక్షర దోషం లేకుండా చేసినా, పాత మార్గాన్ని (ఫోల్డరు చిరునామాను) తమ సెట్టింగులలో పూర్తిగా రాసుకున్న ప్రోగ్రాములు అలాగే పాత చోటనే వెతుకుతాయి. ఫోల్డరు పేరును ఇలా చేత్తో మార్చడాన్ని మైక్రోసాఫ్ట్ కూడా సిఫారసు చేయదు. సరైన పేరుతో కొత్త ఖాతా తెరిచి, ఫైళ్లను అందులోకి కాపీ చేసుకోవడమే క్షేమకరమైన మార్గం.

కొర్లగుంట:
సర్వీసు గారూ, కాపీ చేస్తే పోయేవి ఏమిటో మీరు ఎందుకు చెప్పరు? బ్రౌజరు దాచిన పాస్‌వర్డులను విండోస్ ఆ ఖాతాకే చెందిన తాళంతో భద్రపరుస్తుంది. ఫోల్డరు మొత్తాన్ని కొత్త ఖాతాలోకి ఎత్తిపెట్టినా ఆ తాళం అక్కడ తెరుచుకోదు. ఫోల్డరు పేరు మారినప్పుడు ఖాతా సంఖ్య మారదు కాబట్టి నా పద్ధతిలో ఆ ఇబ్బంది రాదు. పాత మార్గాన్ని పట్టుకొని వేలాడే ప్రోగ్రాములకూ పరిష్కారం ఉన్నది: కమాండ్ ప్రాంప్ట్‌లో ఎంకేలింక్ ఆదేశాన్ని స్లాష్ జే అనే గుర్తుతో ఇచ్చి, పాత పేరుతో ఒక జంక్షన్ పెడితే, పాత చోట వెతికిన ప్రోగ్రాము కూడా కొత్త ఫోల్డరుకే చేరుతుంది. మీ దగ్గరకు వచ్చేవారు తప్పు చేసినవారే కదా. సవ్యంగా చేసుకున్నవారు మీ దుకాణానికి ఎందుకు వస్తారు?

బైరాగిపట్టెడ విద్యార్థిని:
పెద్దలు ఇద్దరూ పాత ఫోల్డరు గురించే వాదించుకుంటున్నారు. అమ్మాయి ఖాతా గురించి ఎవ్వరూ చెప్పలేదు. ఆమె చదివేది ఇంజనీరింగ్ కనుక ఫోల్డరు పేరు పొట్టిగా, ఖాళీ లేకుండా, ఇంగ్లీషు చిన్న అక్షరాలతో ఉండేలా చూడండి. పేరుకూ ఇంటిపేరుకూ మధ్య ఖాళీ ఉన్న ఫోల్డరులో ఫోను యాప్‌ల తయారీకి వాడే ఆండ్రాయిడ్ ఎన్‌డీకే సరిగా పనిచేయదు; ప్రోగ్రాములను కూర్చే మేక్ వంటి పాత సాధనాలు ఆ ఖాళీ దగ్గరే పేరును రెండుగా విరిచి చదువుతాయి. ముందుగా పొట్టి పేరుతో లోకల్ ఖాతా తెరిచి, ఒకసారి లాగిన్ అయ్యి ఫోల్డరు ఏర్పడిన తరువాత, తెర మీద కనిపించే పేరును పూర్తి పేరుగా మార్చుకోవచ్చు. లోకల్ ఖాతా పేరుకు 20 అక్షరాల పరిమితి ఉన్నదని కూడా గుర్తుంచుకోండి. మన వైపు పేర్లు దానిని సులభంగా దాటుతాయి. ఇంకొక మాట: పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు (ఒక్కో ప్రాజెక్టుకు విడిగా పెట్టుకునే పైథాన్ ఏర్పాట్లు) తమ పూర్తి మార్గాన్ని లోపలే రాసుకుంటాయి కాబట్టి, ఫోల్డరు పేరు మారిస్తే వాటిని మళ్లీ కొత్తగా తయారు చేసుకోవలసిందే.

కాణిపాకం వాసి:
ఇంగ్లీషు అక్షరాలతోనే ఉండాలన్న మాటను నేను అంగీకరించను. మా ఇంట్లో మా నాన్నగారి ఖాతా, దాని ఫోల్డరు రెండూ తెలుగు లిపిలోనే ఉన్నాయి. విండోస్ డిస్కులో ఫైళ్లను అమర్చే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి వాటి పేర్లను, అన్ని లిపులకూ చోటున్న యూనికోడ్‌లోనే భద్రపరుస్తుంది. ఫొటోలు, ఉత్తరాలు, పంచాంగం పీడీఎఫ్‌లు, బ్యాంకు పత్రాలు అన్నీ ఆ ఫోల్డరులో చక్కగా తెరుచుకుంటున్నాయి. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి తన పేరును తన లిపిలో చూసి కంప్యూటరును తనదిగా భావిస్తున్నారు. సొంత ఇంట్లో సొంత పేరును పరాయి అక్షరాలలో రాసుకోమని సలహా ఇవ్వడం నాకు బాధ కలిగిస్తున్నది.

బైరాగిపట్టెడ విద్యార్థిని:
మీ భావనను నేను గౌరవిస్తాను, కానీ నేను చెప్పినది సాధనాల సంగతి. యూనికోడ్‌కు మారని పాత ప్రోగ్రాములు విండోస్‌లోని కోడ్ పేజీ అనే అక్షరాల పట్టిక ఆధారంగా పేర్లను చదువుతాయి. రష్యనుకు, గ్రీకుకు అటువంటి పట్టికలు ఉన్నాయి. తెలుగుకు ఆ వరుసలో ఏదీ లేదు. అందువల్ల ఆ ప్రోగ్రాములకు తెలుగు పేరు వరుసగా ప్రశ్నార్థక చిహ్నాలుగా కనిపిస్తుంది. ఫైలు పేరులో ప్రశ్నార్థకం ఉండటానికి విండోస్ ఒప్పుకోదు కాబట్టి, ఆ మార్గమే లేదని ప్రోగ్రాము ఆగిపోతుంది. పరీక్ష ముందు రోజు రాత్రి కంపైలరు ఆగిపోతే లిపి మీద అభిమానం ఆదుకోదు.

కాణిపాకం వాసి:
లోపం ఆ ప్రోగ్రాములు రాసినవారిది. యూనికోడ్ మొదటి వెర్షన్ 1991లోనే వచ్చింది, అందులో తెలుగు ఉన్నది. ఇన్నేళ్ల తరువాత కూడా తెలుగు పేరును చదవలేని సాధనం ఉంటే, దానిని తయారు చేసినవారికి ఫిర్యాదు రాయాలి. మనమే తగ్గిపోతూ ఉంటే వారు ఎన్నటికీ సరిచేయరు.

గ్రీమ్స్‌పేట సర్వీసు:
కాణిపాకం గారూ, ఇందులో మీరు తలచని చిక్కు ఒకటి ఉన్నది. రాజ్‌కుమార్ వంటి పేరును తెలుగులో రాసినప్పుడు, జకార పొల్లు తరువాత కకారం ఒత్తుగా మారకుండా ఉండటానికి కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరాన్ని చేరుస్తుంది. అది కూడా ఫోల్డరు పేరులో భాగమే అవుతుంది. తరువాత ఎవరైనా వేరే కీబోర్డుతో, ఆ కనిపించని అక్షరం లేకుండా అదే పేరును రిజిస్ట్రీలో రాస్తే, విండోస్ దృష్టిలో అవి రెండు వేర్వేరు పేర్లు. చూపుతో సరిపోల్చి దోషం ఎక్కడున్నదో పట్టుకోవడం చాలా కష్టం. అటువంటి కంప్యూటరు నా దగ్గరకు వచ్చింది కాబట్టే చెబుతున్నాను. పెద్దవారి ఖాతాకు తెర మీద కనిపించే పేరు తెలుగులో పెట్టండి, ఎంతో బాగుంటుంది. ఫోల్డరు జోలికి మాత్రం వెళ్లవద్దు.

కాణిపాకం వాసి:
పేరును చేత్తో మళ్లీ టైపు చేయకుండా ఫోల్డరు నుంచి కాపీ చేసి రిజిస్ట్రీలో అతికిస్తే మీరు చెప్పిన చిక్కే రాదు. ఉన్న పరిష్కారాన్ని పక్కన పెట్టి తెలుగును తప్పించడమే అనుభవం అనుకుంటే, అటువంటి అనుభవం నాకు అవసరం లేదు.

రేణిగుంట:
నేను విండోస్‌కు బదులుగా ఉబుంటు వాడుతున్నాను. అందులో ఈ పనికి యూజర్‌మోడ్ అనే ఆదేశం ఉన్నది. పేరు మార్చమని, హోమ్ ఫోల్డరును కొత్త చోటికి తరలించమని ఒకేసారి చెప్పవచ్చు. ఆ ఖాతాకు చెందిన ప్రాసెస్ ఏదీ నడుస్తూ ఉండకూడదు కనుక మరొక అడ్మిన్ ఖాతాలో నుంచి చేయాలి. గ్రూపు పేరును గ్రూప్‌మోడ్‌తో విడిగా మార్చుకోవాలి. రిజిస్ట్రీ అనే బెడద ఇక్కడ లేదు.

కొర్లగుంట:
అడిగినవారు విండోస్ 11 గురించి అడిగారు.

చంద్రగిరి:
మైక్రోసాఫ్ట్ వారి ఇంటర్నెట్ నిల్వ అయిన వన్‌డ్రైవ్ సంగతి ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉన్నది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన కంప్యూటరులో డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అనే మూడు ఫోల్డర్లు చాలాసార్లు వన్‌డ్రైవ్ అనే ఫోల్డరు లోపలికి వెళ్లిపోయి ఉంటాయి. మా బంధువుల ఇంట్లో ఒక మెకానిక్ వచ్చి, పైకి కనిపించిన డాక్యుమెంట్స్ ఫోల్డరు ఖాళీగా ఉన్నదని చెప్పి పాత ఖాతాను తొలగించి వెళ్లారు. పిల్లల ఫొటోలన్నీ వన్‌డ్రైవ్ ఫోల్డరులోనే ఉండేవి. ఉచితంగా ఇచ్చే 5 జీబీ ఎప్పుడో నిండిపోవడంతో, ఆ తరువాత చేర్చినవి ఇంటర్నెట్‌లోకి చేరనే లేదు. కాబట్టి ఏ పద్ధతిలో చేసినా ముందుగా వన్‌డ్రైవ్ ఫోల్డరును తెరిచి చూడండి. మేఘం గుర్తు ఉన్న ఫైళ్లు కంప్యూటరులో నిజంగా లేనట్టే; వాటిని ఎప్పుడూ ఈ కంప్యూటరులోనే ఉంచమని ఎంచుకొని, పూర్తిగా దిగిన తరువాత బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, ఆపైన వన్‌డ్రైవ్‌తో లంకెను తెంచండి.

శ్రీకాళహస్తి బజారు వీధి:
మా దుకాణం లెక్కల కోసం టాలీ వాడుతాము. టాలీ ప్రైమ్ సాధారణంగా లెక్కల ఫైళ్లను యూజర్స్‌లోని పబ్లిక్ ఫోల్డరులో ఉంచుతుంది కనుక, ఖాతా ఫోల్డరు పేరు మారినా వాటికి ఏమీ కాలేదు. ఇంట్లో అందరికీ కావలసిన ఫైళ్లను కూడా అక్కడే ఉంచుకుంటే ఒకరి ఫోల్డరులోకి మరొకరు వెళ్లే అవసరం ఉండదు. డాక్యుమెంట్స్‌ను డీ డ్రైవుకు తరలించుకోవాలంటే మాత్రం ముందు అక్కడ ఒక ఫోల్డరు చేసి దానిని చూపించాలి. నేరుగా డీ డ్రైవునే చూపిస్తే ఆ డ్రైవు మొత్తం డాక్యుమెంట్స్‌గా మారి, వెనక్కి తెచ్చుకోవడం పెద్ద పని అవుతుంది.

తిరుచానూరు రోడ్డు:
అందరికీ కృతజ్ఞతలు. కంప్యూటరు కొత్తది, నా ఖాతాలో ఎక్కించిన ప్రోగ్రాములు తక్కువ, బ్రౌజరు పాస్‌వర్డులు ఫోనులో కూడా ఉన్నాయి. అందువల్ల గ్రీమ్స్‌పేట గారి మార్గాన్నే ఎంచుకొని, విద్యార్థిని గారు చెప్పిన విధంగా ముగ్గురికీ పొట్టి పేర్లతో కొత్త ఖాతాలు తెరిచాను. మా ఇంటావిడ ఖాతా తెర మీద తెలుగులో కనిపిస్తున్నది. చంద్రగిరి గారు చెప్పినట్టే డాక్యుమెంట్స్ నిజంగా వన్‌డ్రైవ్ లోపలే ఉన్నది. అక్కడి నుంచి అన్నీ దింపుకొని హార్డ్ డిస్కులో భద్రపరిచాను. ఇక దుకాణం ఖాతా, అబ్బాయి పాత ఖాతా మిగిలాయి. యూజర్స్‌లోకి వెళ్లి ఆ రెండు ఫోల్డర్లను డిలీట్ చేస్తే సరిపోతుందా?

గ్రీమ్స్‌పేట సర్వీసు:
దయచేసి అలా చేయవద్దు. ఫోల్డరు పోయినా రిజిస్ట్రీలో దాని ఆనవాలు, ఖాతా రెండూ మిగిలే ఉంటాయి. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో అదర్ యూజర్స్‌కు వెళ్లి, ఖాతాను దాని ఫైళ్లతో సహా తొలగించమని చెప్పండి. అంతకు ముందు రెండు పనులు ఉన్నాయి. మీ కొత్త ఖాతా స్టాండర్డ్‌గా (పరిమిత అధికారాలతో) కాక అడ్మినిస్ట్రేటర్‌గా ఉన్నదని నిర్ధారించుకోండి. అమ్మాయి ఖాతాను స్టాండర్డ్‌గానే ఉంచండి.

రెండవది ఇంకా ముఖ్యమైనది. విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ ఖాతాతో మొదలుపెట్టిన కంప్యూటరులో డిస్కు తనంతట తానే ఎన్‌క్రిప్ట్ అయి (కీ లేనిదే చదవలేని రూపంలోకి మారి) ఉండవచ్చు. అలా అయి ఉంటే 48 అంకెల రికవరీ కీ మీ అబ్బాయి మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపడి ఉంటుంది. రేపు మదర్‌బోర్డు మార్చినా, బయాస్ (కంప్యూటరును మొదట నడిపించే ప్రోగ్రాము) అప్‌డేట్ జరిగినా కంప్యూటరు ఆ అంకెలనే అడగవచ్చు. అప్పుడు అవి లేకపోతే నాతో సహా ఏ సర్వీసు వారూ మీ ఫైళ్లను బయటకు తీయలేరు. అబ్బాయి చేత ఆ కీని తీయించి, కాగితం మీద రాయించి ఇంట్లో పెట్టుకోండి.

కొర్లగుంట:
ఈ విషయంలో సర్వీసు గారి మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నా పద్ధతిని అనుసరించేవారికి కూడా ఇది వర్తిస్తుంది. సేఫ్ మోడ్‌లోకి (లోపాలు సరిచేయడానికి విండోస్‌ను పరిమితంగా నడిపే పద్ధతిలోకి) వెళ్లవలసి వస్తే అక్కడ కూడా ఆ కీని అడగవచ్చు.

తిరుచానూరు రోడ్డు:
డిస్కు ఎన్‌క్రిప్ట్ అయ్యే ఉన్నది. అబ్బాయి బెంగళూరు నుంచి కీ పంపించాడు. తెర మీద చూపే కీ గుర్తింపు సంఖ్యతో పోల్చి చూసి, రాసి బీరువాలో పెట్టాము. దుకాణం ఖాతాను సెట్టింగ్స్ నుంచి తొలగించాను, యూజర్స్‌లో దాని ఫోల్డరు కూడా పోయింది. అబ్బాయి పాత ఖాతాను మాత్రం అతడు సంక్రాంతికి వచ్చి, తన ఫైళ్లు అన్నీ చేరాయో లేదో చూసుకున్న తరువాతే తీసివేస్తాను.