అప్‌డేట్: కోరంగి బోటు ఎందుకు నడవలేదో తేలింది (కాకినాడ–యానాం ఒకరోజు ట్రిప్)

యానాం వెళ్తూ దారిలో కోరంగి మడ అడవుల్లో బోటు ఎక్కుదామంటే నడవట్లేదన్నారు, ఎందుకని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. "పోటు (సముద్రం పొంగే) టైము చూసుకో" అని జవాబిచ్చినవాళ్ల మాటే నిజం, థాంక్స్. పాటు (సముద్రం వెనక్కి తగ్గే) సమయంలో కాలువలో నీళ్లు తగ్గిపోతే బోటు అడుగు బురదకు తగులుతుంది, బోటును నడిపే ఫ్యాన్‌కు వేర్లు చుట్టుకుంటాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర మరీనూ. కాకినాడ టైడ్ టేబుల్‌లో (పోటు, పాటు సమయాల పట్టికలో) పోటు ఎన్నింటికో చూసి, ఓ గంట ముందు జెట్టీకి చేరండి. నిన్నటి టైము ఇవాళ పనికిరాదు, రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పొద్దున్నే పోటైతే ముందు కోరంగి, సాయంత్రమైతే ముందు యానాం.

యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కదా అని పర్మిట్ గురించి భయపడ్డాను, అదేం అక్కర్లేదు. యానాం దగ్గర గోదావరి దాటడానికి ఎదుర్లంక పంటు (రేవు దాటించే పడవ) ఎక్కమన్న సలహా కూడా పాతదే, 2002 నుంచి వంతెన ఉంది. యానానికి రైలు లేదు, కాకినాడలో దిగాల్సిందే.

పాత కోరంగి రేవు కోసం మాత్రం వెతక్కండి. 1839 తుఫాను, గోదావరి మేట కలిసి దాన్ని మింగేశాయి. ఫ్రెంచివాళ్ల ఆనవాళ్లు కావాలంటే యానాంలో పాత క్యాథలిక్ చర్చి చూడండి, 1954 దాకా అక్కడ వాళ్ల పాలనే.