ఆస్పిరిన్ ప్రయోగంలో 80% దిగుబడి వచ్చింది, మరి మిగతాదంతా ఎక్కడికి పోయినట్టు?

ప్రశ్న: ఫైనల్‌ఇయర్_కెమిస్ట్రీ

అందరికీ నమస్కారం. బీఎస్సీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ల్యాబ్‌లో ఆస్పిరిన్ తయారు చేశాం. సాలిసిలిక్ ఆమ్లం 2 గ్రాములు, అసిటిక్ ఎన్‌హైడ్రైడ్ 5 మి.లీ., అయిదారు చుక్కల గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడి చేశాం. తర్వాత మొత్తం మీద 50 మి.లీ. నీళ్లు, రీక్రిస్టలైజేషన్‌కి (కరిగించి మళ్లీ స్ఫటికాలుగా మార్చి శుద్ధి చేయడానికి) 8 మి.లీ. ఇథనాల్ వాడాం. ఆరాక తూచితే 2.1 గ్రాములు. రావాల్సింది 2.61 గ్రాములు కాబట్టి దిగుబడి 80 శాతం.

రికార్డు మీద సంతకం పెట్టబోతూ మేడమ్, "బాగానే వచ్చింది, మరి మిగతాదంతా ఎక్కడికి పోయింది?" అని అడిగారు. పోయింది 20 శాతమే కదా అనుకున్నాను. పుస్తకం తిరగేస్తే అటామ్ ఎకానమీ అని ఒకటి, ఈ-ఫ్యాక్టర్ అని ఇంకొకటి కనిపించాయి. ఒకే ప్రయోగానికి మూడు లెక్కలు ఎందుకు? నా ప్రాజెక్టు కూడా హరిత రసాయన శాస్త్రం మీదే, అందుకే టెన్షన్‌గా ఉంది. వీటిలో దేన్ని నమ్మాలి?

జవాబు: ఎమ్మెస్సీ_ఆర్గానిక్

మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. దిగుబడి మీ చేతిపనికి సంబంధించింది. అటామ్ ఎకానమీ సమీకరణానికి సంబంధించింది, చర్యలో పాల్గొనే పదార్థాల బరువులో ఎంత శాతం సరుకులోకి చేరుతుందో చెప్తుంది, దీన్ని 1991లో బ్యారీ ట్రోస్ట్ ప్రతిపాదించారు. మీ చర్యలో అణుభారాలు చూడండి: సాలిసిలిక్ ఆమ్లం 138, ఎన్‌హైడ్రైడ్ 102, కలిపి 240. ఆస్పిరిన్ 180. అంటే 75 శాతం. మిగతా 60 అసిటిక్ ఆమ్లంగా పోతుంది. మీరు ఎంత జాగ్రత్తగా చేసినా ఆ 60 తగ్గదు. ఈ-ఫ్యాక్టర్ అంటే ఒక కిలో సరుకుకి ఎన్ని కిలోల వ్యర్థం అని. రోజర్ షెల్డన్ 1992లో దీన్ని ప్రచురించారు. పరీక్షకి ఇంతవరకు చాలు.

జవాబు: ప్రాసెస్_కెమిస్ట్

పరీక్షకి చాలేమో గానీ, మీ మేడమ్ అడిగిన ప్రశ్న ఇంకా అలాగే ఉంది. నేను మందుల తయారీ విధానాలు రూపొందించే పనిలో ఉన్నాను. మాకు రోజూ ఎదురయ్యే ప్రశ్న కూడా అదే. కాబట్టి మీ అంకెలతోనే లెక్కేద్దాం.

5 మి.లీ. ఎన్‌హైడ్రైడ్ అంటే 5.4 గ్రాములు. మీ 2 గ్రాముల ఆమ్లానికి నిజంగా అవసరమైంది సుమారు 1.5 గ్రాములే. మిగిలింది ద్రావణిగా ఉపయోగపడింది, నీళ్లు పోయగానే అసిటిక్ ఆమ్లంగా మారిపోయింది. ఇథనాల్ 6.3 గ్రాములు, సల్ఫ్యూరిక్ ఆమ్లం దాదాపు అర గ్రాము. అన్నీ కలిపితే లోపలికి వెళ్లింది 14.2 గ్రాములు, బయటికి సరుకుగా వచ్చింది 2.1. వ్యర్థం 12.1 గ్రాములు, ఈ-ఫ్యాక్టర్ 5.8. నీళ్లు కూడా కలిపితే దాదాపు 30. దిగుబడి 80, అటామ్ ఎకానమీ 75 అని రాసుకున్న ప్రయోగమే ఇది!

షెల్డన్ పట్టికలో పెట్రోలియం శుద్ధికి ఈ-ఫ్యాక్టర్ 0.1 లోపే, మందుల తయారీకి 25 నుంచి 100, ఒక్కోసారి అంతకు మించి. చాలామంది చమురు పరిశ్రమే ఎక్కువ మురికి అనుకుంటారు. కిలోకి కిలో చూస్తే మందులదే పెద్ద వ్యర్థం, అందులో సింహభాగం ద్రావణులు. మందు తయారీలో దశ పెరిగిన ప్రతిసారీ వడపోతలు, కడగడాలు, ద్రావణి మార్పులు పెరుగుతాయి. ఐబుప్రొఫెన్ మంచి ఉదాహరణ. పాత పద్ధతిలో ఆరు దశలు, అటామ్ ఎకానమీ 40 శాతం. 1992లో ఉత్పత్తి మొదలైన కొత్త పద్ధతిలో మూడే దశలు, 77 శాతం. పక్కన వచ్చే అసిటిక్ ఆమ్లాన్ని కూడా పట్టి వాడుకుంటే 99 శాతం. దశలు తగ్గించడం కన్నా గొప్ప పొదుపు నాకైతే ఇంకొకటి కనిపించదు.

జవాబు: నీటిపరీక్షలు

నాది నీటి నాణ్యత పరీక్షించే పని, కాబట్టి సింక్ అవతల ఏమవుతుందో చెప్తాను. ఈ-ఫ్యాక్టర్‌కి బరువు తప్ప ఇంకేమీ తెలియదు. దాని దృష్టిలో గ్రాము ఉప్పు, గ్రాము క్రోమియం ఒకటే. వ్యర్థం హానిని బట్టి ఒక గుణకంతో హెచ్చించాలని షెల్డనే అన్నారు.

మీ వ్యర్థంలో అసిటిక్ ఆమ్లం 5.5 గ్రాముల దాకా ఉంటుంది. అది నీటిలో పూర్తిగా ఆక్సీకరణం చెందాలంటే గ్రాముకి 1.07 గ్రాముల ఆక్సిజన్ కావాలి, అంటే దాదాపు 5.9 గ్రాములు. 25 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో కరిగి ఉండేది 8 మిల్లీగ్రాముల పైచిలుకు ఆక్సిజనే. అంటే మీ బీకరులోని ఆమ్లం 700 లీటర్ల నీటిలోని ఆక్సిజన్‌ని తినేయగలదు. ఇథనాల్ ఇంకా ఆకలిగొట్టు: గ్రాముకి 2.09 గ్రాములు. మీరు వాడిన 6.3 గ్రాములకు దాదాపు 1,600 లీటర్ల లెక్క. ఇథనాల్ మంచి ద్రావణి, విషం కాదు, బాక్టీరియా సులువుగా విచ్ఛిన్నం చేస్తుంది. చేపలకి ఇబ్బంది అక్కడే: ఎంత సులువుగా విచ్ఛిన్నమైతే అంత త్వరగా ఆక్సిజన్ పడిపోతుంది.

ఫైనల్‌ఇయర్_కెమిస్ట్రీ

ఇథనాల్‌ని ఈ వైపు నుంచి ఎప్పుడూ చూడలేదండీ. ఒక్క సందేహం. అటామ్ ఎకానమీ 100 శాతం ఉన్న చర్యని ఎంచుకుంటే సగం సమస్య తీరినట్టేనా?

ప్రాసెస్_కెమిస్ట్

తీరదు. దీని మీద కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే ఇది ప్రతి రసాయన శాస్త్ర విద్యార్థికీ తెలియాలి.

కార్బరిల్ అనే పురుగుమందు ఉంది. 1-నాఫ్తాల్‌కి మిథైల్ ఐసోసయనేట్ కలిపితే వస్తుంది. అణుభారాల్లో 144కి 57 కలిస్తే 201, ఒక్క పరమాణువు కూడా వృథా కాదు. అటామ్ ఎకానమీ అక్షరాలా 100 శాతం. విషపూరితమైన ఆ మిథైల్ ఐసోసయనేటే 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో ట్యాంకు నుంచి బయటికి వచ్చింది. సుమారు 40 టన్నులు. ట్యాంకులోకి నీళ్లు చేరాయి, చర్యతో వేడి పుట్టింది, వేడితో చర్య ఇంకా వేగమైంది. వేల మంది చనిపోయారు.

ఇప్పుడు వెనక్కి ఒక దశ వెళ్లండి. ఐసోసయనేట్ మిథైలమీన్ నుంచి, ఫాస్జీన్ అనే విషవాయువు నుంచి వస్తుంది, పక్కన రెండు హైడ్రోజన్ క్లోరైడ్‌లు వదులుతుంది. రెండో దారి కూడా ఉంది: ముందు నాఫ్తాల్‌ని ఫాస్జీన్‌తో కలిపి, వచ్చిన క్లోరోఫార్మేట్‌ని మిథైలమీన్‌తో చర్య జరపడం. ముడిసరుకులు అవే మూడు, సరుకు అదే, పక్కన పోయేవి అవే రెండు హైడ్రోజన్ క్లోరైడ్‌లు. మొదటినుంచి లెక్కేస్తే రెండు దారుల్లోనూ అటామ్ ఎకానమీ 73 శాతమే. కానీ రెండో దారిలో ఐసోసయనేట్ అనేది పుట్టదు. ఫాస్జీన్ ప్రమాదం రెండింటిలోనూ ఉంటుంది, అది వేరే సంగతి. అంకె ఒకటే అయినా, మధ్యలో టన్నులకొద్దీ ఏం నిల్వ ఉంటుందన్నది మారిపోయింది. ఏ శాతమూ ఈ తేడాని పట్టుకోలేదు.

అందుకే ప్రాజెక్టులో మూడు అంకెలూ వేయండి, వాటి కింద ఇంకో రెండు వరుసలు మీరే చేర్చండి: మధ్యలో ఏ పదార్థం ఎంత నిల్వ ఉంటుంది, వ్యర్థం బీకరు దాటాక దేనిలో కలుస్తుంది.

ఫైనల్‌ఇయర్_కెమిస్ట్రీ

చాలా థాంక్స్ సర్. ఇథనాల్‌ని స్వేదనం చేసి మళ్లీ వాడితే ఈ-ఫ్యాక్టర్ ఎంతకు దిగుతుంది?

ప్రాసెస్_కెమిస్ట్

90 శాతం తిరిగి పట్టగలిగితే 5.8 కాస్తా 3 దగ్గరికి వస్తుంది. నీటితో కలిసిన ఇథనాల్ మామూలు స్వేదనంలో 95.6 శాతం దగ్గర ఆగిపోతుంది. మీ రీక్రిస్టలైజేషన్‌కి అది సరిపోతుంది, పూర్తిగా నిర్జలం చేయాల్సిన పని లేదు. ఒక్కొక్కరి 8 మి.లీ. విడివిడిగా కాచకండి, వేడి దండగ. బ్యాచ్ మొత్తానిదీ ఒక సీసాలో పోగు చేసి ఒకేసారి స్వేదనం చేయండి, దానికి ఖర్చయిన కరెంటు కూడా నమోదు చేయండి. ముందు మీ మేడమ్ దగ్గర అనుమతి తీసుకోండి, ఇథనాల్ ఆవిరికి మంట దగ్గర పడదు కాబట్టి హీటింగ్ మాంటిల్ మీదే పెట్టండి.