మైలుతుత్తం పడిన చెరువు బురద కొబ్బరి తోటకి తోలొచ్చా?

ముమ్మిడివరం తోట
మా పక్కాయన చేపల చెరువు ఎండగట్టారండి, అడుగు బురద ఊరికే తోలుకుపొమ్మంటున్నారు. నల్లగా ఉంది, చూస్తే ఆశ పుడుతోంది. కానీ నాచు పట్టినప్పుడల్లా ఏళ్ల తరబడి మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కొట్టిన చెరువది. ఆ రాగి అంతా ఏమైనట్టు? మాది కొబ్బరి, మధ్యలో అరటి, కంద. మొవ్వుకుళ్ళుకి బోర్డో పేస్టు కూడా వాడుతుంటాం, అదీ రాగే కదా, అందుకే టెన్షన్.

భీమవరం చెరువులు
ఎక్కడికీ పోదండి. నీళ్లలో కలిసిన రాగిలో ఎక్కువ భాగం బురదకే చేరుతుంది. మైలుతుత్తంలో పావు వంతు రాగి, అంటే 4 కిలోలు కొడితే 1 కిలో రాగి ఆ చెరువు అడుగున ఉన్నట్టే.

మట్టి పరీక్ష
అయితే ఉన్న రాగి అంతా వేరుకి అందదు. ఆకు, పేడ బాగా కుళ్ళాక మిగిలే నల్లటి హ్యూమస్‌లో ఆమ్ల గుణమున్న కొసలు లెక్కలేనన్ని ఉంటాయి. అవి హైడ్రోజన్‌ను వదిలేసి లోహాన్ని రెండు మూడు వైపుల నుంచి పీత డెక్కలతో పట్టినట్టు పట్టేస్తాయి. చెలేట్ అనే మాట గ్రీకులో డెక్క నుంచే వచ్చింది. రాగికి, సీసానికి పట్టు గట్టి, జింకు, కాడ్మియం వదులు. నేల పులిసిందంటే ఆ పట్టు సడలి లోహం మళ్ళీ నీళ్లలోకి వస్తుంది. ఇంకొకటి, నీళ్ల కింద ఉన్నన్నాళ్ళూ కొంత రాగి గంధకంతో కలిసి సల్ఫైడుగా కదలకుండా ఉంటుంది, ఎండబెట్టి గాలి తగిలితే అది విడిపోతుంది, ఆమ్లం కూడా పుడుతుంది. అందుకని ఎండిన బురదకి ముందు ఉదజని సూచిక (pH) చూపించండి, తక్కువగా వస్తే సున్నం పడాలి.

రాజోలు రైతు
నేను కోళ్లపెంట ఎక్కువేస్తే రాగి విషాన్ని కదలకుండా పట్టేస్తుందనుకుని పచ్చిదే వేసేశాను, అరటి మొక్కలు దెబ్బతిన్నాయి. దాణాలో కలిపే రాగి, జింకు పెంటలోనూ ఉంటాయని తర్వాత తెలిసింది. పైగా సగం కుళ్ళిన ఎరువు నుంచి నీళ్లలో కరిగే ఆమ్లాలు లోహాన్ని మోసుకుని కిందికి దిగుతాయట. మాగిన ఎరువే వేయండి బాబూ, తొందరపడొద్దు.

అంబాజీపేట పీచు
మా కొబ్బరి పొట్టుని కోకోపీట్ అంటారు గానీ అసలు పీట్ వేరు, అది చిత్తడి నేలల్లో వేల ఏళ్లు పేరుకున్న నాచు, గడ్డి. అక్కడ పట్టు ఎంత గట్టిదంటే పైరుకి రాగి చాలక ఆకులు తెల్లబడతాయి! పొట్టు కూడా లోహాల్ని పడుతుంది, కానీ పట్టినది పోయినట్టు కాదు, అక్కడే ఉన్నట్టు.

ముమ్మిడివరం తోట
అందరికీ థాంక్సండి. ముందు బురద, మా తోట మట్టి రెండూ రాగికి పరీక్షకిస్తాను. ఫలితం వచ్చేదాకా ఒక్క ట్రాక్టరు కూడా తోలను, కంద మళ్ల వైపు అసలు వేయను. ఎంత వచ్చిందో ఇక్కడే రాస్తాను.