పిండిమర మూత మెల్లగా దిగాలి: ఆయిల్ డ్యాంపర్ మీద సలహా కావాలి

ఆటోనగర్_లేత్:
విజయవాడలో చిన్న లేత్ షాపు నాది. ఇంట్లో వాడుకోడానికి పిండిమర సొంతంగా చేశాను. స్టీలు మూత 1.6 కిలోలు, బందు నుంచి ముందంచుకి 40 సెంటీమీటర్లు. మొన్న దడాలున పడి మా అమ్మ చూపుడువేలి గోరు నల్లబడిపోయింది. అప్పటినుంచి నాకు ఇదే ధ్యాస.

బందుకి రెండువైపులా ఇత్తడి గొట్టాలు పెట్టి, లోపల షాఫ్టుకి రెక్క బిగించి, ఇంజిన్ ఆయిల్ నింపాను. మూత వేగం తగ్గించే డ్యాంపర్లు ఇవే. పొద్దున కాస్త ఆగి దిగుతోంది. మధ్యాహ్నం షెడ్డు వేడెక్కితే మళ్లీ దబ్బుమంటోంది. ఆయిల్ తప్పా, నా కొలతలు తప్పా?

డిజైన్_బల్ల:
ముందు బరువు లెక్క. మూత బరువు మధ్యలో ఉందనుకుంటే 1.6 × 9.8 × 0.2, బందు దగ్గర తిప్పే బలం దాదాపు 3.1 న్యూటన్ మీటర్లు. ఒక్కో డ్యాంపర్ మీద సగం. మూత నిలువుగా ఉన్నప్పుడు ఇది సున్నా, అడ్డంగా వాలేసరికి పూర్తిగా పడుతుంది. వేలు నలిగేదీ అక్కడే.

ఇంజిన్ ఆయిల్ వేడికి బాగా పల్చబడుతుంది. సిలికాన్ ఆయిల్ అంతగా మారదు. రెక్క చుట్టూ సందు ఎంత వదిలారు?

ఆటోనగర్_లేత్:
పావు మిల్లీమీటరు. ఆయిల్ కారకుండా వేసే రబ్బరు ఓ-రింగులు కూడా సిలికాన్‌వే, మంచివని కొన్నాను.

డిజైన్_బల్ల:
ఆ ఓ-రింగులు తీసేయండి. సిలికాన్ ఆయిల్‌లో సిలికాన్ రబ్బరు ఉబ్బిపోతుంది, నైట్రైల్ రబ్బరువి వేయండి. ఆ సందుకి తేనెలా చిక్కగా ఉండే 10,000 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలత) సిలికాన్ ఆయిల్‌తో మొదలుపెట్టండి. లక్ష సెంటీస్టోక్స్‌కి పోతే మూత దిగడానికి నిమిషం దాటుతుంది.

పాతసామాన్లు:
సందు విషయంలో జాగ్రత్త అన్నా. కారే ఆయిల్ సందు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 0.25 కాస్తా 0.3 అయితే 1.7 రెట్లు జారిపోతుంది. రెండు గొట్టాలూ ఒకే కొలతకి రావాలి.

నేను మెల్లగా దిగే టాయిలెట్ సీటు డ్యాంపర్ ఒకటి కోసి చూశాను. రెక్క మీద నాలుకలాంటి చిన్న వాల్వు ఉంది. సీటు ఎత్తేటప్పుడు తెరుచుకుంటుంది, దించేటప్పుడు మూసుకుంటుంది. గొట్టం లోపలి గాడి చివరికొచ్చేసరికి సన్నబడుతుంది, అందుకే ఆఖర్లో బాగా నెమ్మదిస్తుంది. ఆ గాడి మీరూ తీయండి.

ఆటోనగర్_లేత్:
నాలుగు రోజులు పట్టింది. గాడి తీశాను, ఆయిల్ నింపి రాత్రంతా నిలబెట్టాను. ఇప్పుడు 7 సెకన్లలో దిగుతోంది, మిట్టమధ్యాహ్నం కూడా ఇంచుమించు అంతే. అమ్మ నాలుగుసార్లు వేసి చూసుకుంది. కాకపోతే మొదట్లో రెండు వేళ్లంత దూరం వదులుగా వచ్చి ఆ తర్వాతే పట్టుకుంటోంది. ఎడమవైపు గాలిబుడగ మిగిలినట్టుంది, రేపు విప్పుతాను.