ఈత కొలను నీళ్లకి పాప ఒళ్లు పొలుసులు లేస్తోంది, ఏం చేయాలండీ?

భీమవరం అమ్మ:
ఒంటిపూట బడులు అయిపోగానే మా ఏడేళ్ల పాపని ఈతకి చేర్పించామండి. పది రోజులకే మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం తెల్లగా పొలుసులు లేస్తోంది, రాత్రంతా గోకుడే. క్లోరిన్ వదలాలని మా అత్తగారు రోజూ సున్నిపిండితో నలుగు పెడుతుంటే ఇంకా మండుతోందని ఏడుస్తోంది. పక్కింటావిడేమో నిమ్మచెక్క రుద్దమంటారు. మాన్పించాలని లేదు, చుట్టూ కాలవలూ చెరువులే కదా మనకి, ఈత రావాలి.

తణుకు:
ముందు ఆ నలుగు ఆపండి. ఒంటి మీదుండే నూనెని క్లోరిన్ ఎలాగూ లాగేస్తుంది, మిగిలిన కాస్తా సున్నిపిండితో పోతోంది. నేనైతే మావాణ్ణి దిగే ముందే మంచినీళ్లతో తలా ఒళ్లూ బాగా తడిపేస్తాను, అప్పటికే తడి పీల్చుకుని ఉంటే కొలను నీళ్లు తక్కువ పడతాయి. బయటికి రాగానే అక్కడే స్నానం. ఇంటికెళ్లాక చూద్దాంలే అనుకుంటే బండి మీద వచ్చేలోపు అదంతా ఒంటి మీదే ఎండిపోతుంది. తుడిచీ తుడవకుండానే వాసన లేని మాయిశ్చరైజర్ రాసేయండి. నిమ్మకాయ మాత్రం వద్దే వద్దు, రసం అంటిన చోట ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లమచ్చలు పడతాయి. రసి కారితే డాక్టరే.

కోనసీమ కొబ్బరి:
ఇంత రాద్ధాంతం ఎందుకండీ, దిగే ముందు కొబ్బరి నూనె పట్టించండి. ఆయ్.

హేచరీ బాబాయ్:
నూనె స్నానం అయ్యాక రాయండి, ముందు కాదు. ఒళ్లంతా పట్టించి దింపితే అది నీళ్లలో తేలి, క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. నేను రొయ్యల హేచరీలో చేస్తాను, బ్లీచింగ్ వేసిన నీళ్లలో మిగిలిన క్లోరిన్‌ని సోడియం థయోసల్ఫేట్ అనే మందుతో చంపాకే రొయ్య పిల్లని వదులుతాం. (అది మనుషులకి రాసేది కాదు, మళ్లీ ఎవరూ కొనేయకండి!) ఆ కొలనువాళ్లని రీడింగులు అడగండి, మామూలుగా క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం (అంటే లీటరుకి అన్ని మిల్లీగ్రాములు), పీహెచ్ (నీళ్ల ఆమ్లం, క్షారం కొలత) 7.2 నుంచి 7.8 ఉండాలి. ఘాటు వాసనొస్తే క్లోరిన్ ఎక్కువేశారనుకుంటాం గానీ, చాలాసార్లు అది చెమటా ఉచ్చా క్లోరిన్‌తో కలిసి పుట్టే క్లోరమైన్ల వాసన. పిల్లలు నీళ్లలోనే కానిచ్చేస్తారు కదా.

భీమవరం అమ్మ:
ఆ వాసన రోజూ వస్తోంది బాబాయ్ గారూ, రేపే అడుగుతాను. అక్కడున్న షవర్ ఒక్కటే, అదీ పనిచేయదు, రెండు బాటిళ్ల నీళ్లు పట్టుకెళ్తాను. మీరందరూ చెప్పింది చదివి వినిపిస్తే అత్తగారు నలుగుని ఆదివారానికి మార్చారు.